మనోలో గొప్పోడా కాదా, టీమ్ ఇక్కడే ఉంటే ఏమయ్యేది: హైదరాబాద్ ఎఫ్‌సి వాదన ఎందుకు తెగట్లేదు

హైదరాబాద్ ఎఫ్‌సి గురించి నలుగురు ఫుట్‌బాల్ పిచ్చోళ్లు కూర్చుంటే మాట ఎక్కడ మొదలైనా ఆ టీమ్ పాత కోచ్ మనోలో మార్కెజ్ దగ్గరికే వస్తుంది, అక్కడి నుంచి గొంతులు లేస్తాయి. ఐఎస్‌ఎల్‌కి, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌కి వచ్చిన కోచ్‌లందరిలో ఈయనే బెస్ట్, ఆఖరి స్థానంలో ఉన్న టీమ్‌ని తీసుకుని రెండో సీజన్‌కే ఛాంపియన్ చేశాడు అని ఒకరు. ఓగ్బెచే లాంటి స్ట్రైకర్ ఉంటే ఎవరైనా గెలుస్తారు, అదే మనిషికి ఇండియా టీమ్ ఇస్తే ఎనిమిది మ్యాచుల్లో ఒక్కటి గెలిచాడు, అదీ మాల్దీవుల మీద అని ఇంకొకరు. ఈలోగా మూడో ఆయన అందుకుని, అసలు మనోలో 2023లో వెళ్లిపోకపోయుంటే క్లబ్ మునిగేదే కాదు, టీమ్ ఢిల్లీకి పోయేదీ కాదు అంటాడు.

ఈ ముగ్గురూ ఒకే విషయం మాట్లాడుతున్నాం అనుకుంటారు గానీ నిజానికి మూడు వేరు వేరు ప్రశ్నలు కలిసిపోయి చిక్కుపడ్డాయి. హైదరాబాద్‌లో ఆయన చేసిన పని ఎంత, ఇండియా టీమ్‌తో ఫెయిలైతే ఆ పని విలువ తగ్గుతుందా, క్లబ్ ఎందుకు చచ్చింది. వీటికి ఒకే జవాబు ఉండదు. నాకు ఈ టీమ్ అంటే ప్రాణం, కాబట్టి నా అభిప్రాయం దాచుకోను, కానీ ముందు జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం.

ఈ టీమ్ మనకి వచ్చిందే ఇంకో ఊరి నుంచి, ఇది చాలామందికి గుర్తుండదు. పుణె సిటీ అని 2014 నుంచి ఐఎస్‌ఎల్‌లో ఆడిన క్లబ్ డబ్బుల్లేక మూతపడింది, దాని స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సి పుట్టింది, కోచ్ ఫిల్ బ్రౌన్ అక్కడి నుంచే వచ్చాడు, ప్లేయర్లలో కూడా చాలామంది అక్కడివాళ్లే. సీజన్ అక్టోబర్‌లో మొదలు, అంటే తయారవడానికి రెండు నెలలు కూడా లేవు. 18 మ్యాచులాడితే 2 గెలుపులు, 10 పాయింట్లు, పదో స్థానం, పది టీముల లీగ్‌లో. సీజన్ మధ్యలోనే బ్రౌన్ ఉద్యోగం పోయింది. తర్వాత ఆల్బర్ట్ రోకాని తెచ్చుకుంటే ఆయనకి బార్సిలోనా నుంచి పిలుపొచ్చి 2020 ఆగస్టులో వెళ్లిపోయాడు. సీజన్‌కి కొద్ది నెలల ముందు కోచ్ లేని టీమ్, పైగా కరోనా. అలాంటి టైంలో వచ్చాడు మనోలో, బార్సిలోనాలో పుట్టి స్పెయిన్ కింది డివిజన్లలో ఏళ్ల తరబడి పనిచేసి, లాస్ పాల్మాస్‌లో కొన్ని వారాల పాటు లా లిగా కూడా చూసినవాడు.

ఆయన మొదటి సీజన్ లెక్క చూస్తే 6 గెలుపులు, 11 డ్రాలు, 3 ఓటములు, 29 పాయింట్లు, ఐదో స్థానం. ఆఖరి రోజు గోవాతో గోల్ లేకుండా డ్రా అయి ప్లేఆఫ్స్ చేతికందినట్టే అంది జారిపోయాయి. కప్పు కంటే నాకు ఈ సీజనే ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఏడాది విదేశీ ప్లేయర్లకి వరసగా గాయాలు, లూయిస్ సాస్త్రే లేడు, జోయెల్ కియనీస్ లేడు, ఆ ఖాళీల్లో ఆయన కుర్రాళ్లని దింపాడు. లెఫ్ట్ బ్యాక్‌లో ఆకాశ్ మిశ్రా, రైట్ బ్యాక్‌లో ఆశిష్ రాయ్, మిడ్‌ఫీల్డ్‌లో హితేశ్ శర్మ, వింగ్‌లో లిస్టన్ కొలాసో. ఒక మ్యాచ్‌లో తప్పు చేస్తే వచ్చే మ్యాచ్‌లో బెంచ్ మీద కూర్చోబెట్టే రకం కాదు ఆయన, మళ్లీ దింపేవాడు, మళ్లీ అదే ఆట ఆడమనేవాడు. ఫుల్‌బ్యాక్‌లు పైకి వెళ్లిపోవడం, బంతి పోయిన వెంటనే గుంపుగా మీద పడటం, వెనక నుంచి ఓపిగ్గా కట్టుకుంటూ రావడం, ఇదంతా ఇరవై ఏళ్ల పిల్లలతో.

దీని ఫలితం ఎక్కడ కనపడిందంటే, 2021-22 నుంచి ఐఎస్‌ఎల్ రూల్ మార్చింది, గ్రౌండ్‌లో ఒకేసారి నలుగురికి మించి విదేశీయులు ఉండకూడదు, అంటే ఏడుగురు భారతీయులు తప్పనిసరి. డబ్బున్న క్లబ్బులన్నీ మంచి ఇండియన్ ప్లేయర్ల కోసం పరుగులు పెట్టాయి. మనోలో దగ్గర అప్పటికే ఏడాది పాటు కలిసి ఆడిన భారతీయ కుర్రాళ్ల టీమ్ రెడీగా ఉంది. అది ముందే తెలిసి చేశాడని నేననను, కానీ ఆ రూల్ ఆయన పద్ధతికి సరిగ్గా సరిపోయింది. ఆ సీజన్ 38 పాయింట్లు, జంషెడ్‌పూర్ తర్వాత రెండో స్థానం, సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ని రెండు లెగ్గులు, అంటే రెండు మ్యాచులు కలిపి 3-2తో కొట్టి ఫైనల్.

ఇప్పుడు ఓగ్బెచే మాట. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు, నిజమే, ఆయన లేకపోతే కప్పు రాదు. కానీ అదే ఓగ్బెచే 2019-20లో కేరళ బ్లాస్టర్స్‌కి ఆడి 15 గోల్స్ కొట్టాడు, కేరళ ఏడో స్థానంలో ఆగిపోయింది. స్ట్రైకర్ ఒక్కడే టీమ్‌ని ఛాంపియన్ చేస్తాడు అనేవాళ్లు దీనికి ఏం చెప్తారో నాకెప్పుడూ అర్థం కాలేదు. పైగా ఫైనల్‌ని గెలిపించింది ఓగ్బెచే కాదు. 2022 మార్చి 20, గోవాలోని ఫతోర్డా, స్టేడియం నిండా కేరళ ఫ్యాన్స్, రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందుంది, 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా బాక్స్ బయట నుంచి కొట్టిన వాలీ లోపలికి దూసుకుపోయింది, షూటౌట్‌లో కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, హాలిచరణ్ నర్జరీ ఆఖరి కిక్ వేశాడు, 3-1. ముగ్గురూ భారతీయులే. పెద్ద పేర్లున్న ఫైనల్‌లో మ్యాచ్ తేల్చింది బెంచ్ మీద నుంచి వచ్చిన కుర్రాడు, ఎవరూ స్టార్ అని పిలవని గోల్‌కీపర్. మనోలో కట్టిన టీమ్ అంటే అదీ.

తర్వాత సీజన్ ఇంకా మెరుగు, 13 గెలుపులు, 42 పాయింట్లు, ముంబై సిటీ తర్వాత మళ్లీ రెండో స్థానం. సెమీస్‌లో మోహన్ బగాన్‌తో రెండు లెగ్గులూ 0-0, పెనాల్టీల్లో పోయింది. ఆశిష్ రాయ్ అప్పటికే మోహన్ బగాన్‌కి వెళ్లిపోయాడు, లిస్టన్ అంతకు ముందు ఏడాదే అక్కడికే వెళ్లాడు, అయినా పాయింట్లు పెరిగాయి. అంటే మనుషులు మారినా ఆట నిలబడింది.

ఇక్కడ ఒక విషయం ఆగి చెప్పాలి, ఎందుకంటే మొత్తం కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, వాదనల్లో మాత్రం ఎవరూ ఎత్తరు. 2020-21, 2021-22 రెండు సీజన్లూ కరోనా వల్ల పూర్తిగా గోవాలోనే జరిగాయి, దాదాపు అన్ని మ్యాచులూ ఖాళీ స్టేడియాల్లో. టీమ్ ఎదిగిన రెండేళ్లూ, కప్పు గెలిచిన రాత్రీ, హైదరాబాద్ వాళ్లకి టీవీలోనే. 2022 అక్టోబర్‌లో గానీ ఛాంపియన్ టీమ్ గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి రాలేదు. మంచి హైదరాబాద్ ఎఫ్‌సిని హైదరాబాద్ సొంత గ్రౌండ్‌లో చూసింది ఒకే ఒక్క సీజన్. 2019-20లో ఇక్కడ ఆడింది ఓడిపోయే టీమ్, 2023-24లో ఆడింది జీతాలు లేని టీమ్, మధ్యలో ఒక్క ఏడాది. ఒక ఊరికీ ఒక టీమ్‌కీ మధ్య అనుబంధం పుట్టడానికి తండ్రి పిల్లాడిని చేయి పట్టుకుని తీసుకెళ్లాలి, ఆ పిల్లాడు పెద్దయ్యి మళ్లీ తనే రావాలి. ఆ టైమే దొరకలేదు.

మూడో ఆయన ప్రశ్నకి వద్దాం, మనోలో ఉండుంటే క్లబ్ బతికేదా. 2023-24లో ఏం జరిగిందో చూడండి. జీతాలు నెలల తరబడి ఆగిపోయాయి, పాత ప్లేయర్ల బాకీల మీద ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడింది, అంటే కొత్త ప్లేయర్లని తీసుకోవడానికి లేదు, సీజన్ మధ్యలో విదేశీయులు వెళ్లిపోయారు, పేరున్న భారతీయులు వెళ్లిపోయారు, మిగిలిన కుర్రాళ్లతో టీమ్ దింపారు. 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు, 8 పాయింట్లు. ఆ టీమ్‌ని ఆ టైంలో మోసింది థాంగ్‌బోయ్ సింగ్టో, మనోలో దగ్గర అసిస్టెంట్‌గా ఉన్న మనిషే, ఆ పద్ధతి లోపలి నుంచి తెలిసినవాడు. పద్ధతి తెలిసినవాడు ఉన్నా 42 పాయింట్లు 8కి పడిపోయాయంటే లోపం కోచింగ్‌లో వెతకడం అన్యాయం. కోచ్ ఫార్మేషన్ మార్చగలడు, జీతం వేయలేడు. జీతం రాని నెలలో కూడా ఆ పిల్లలు జెర్సీ వేసుకుని గ్రౌండ్‌లోకి వచ్చారు చూడండి, హైదరాబాద్ ఎఫ్‌సి చరిత్రలో కప్పుతో పాటు వాళ్ల పేర్లూ రాయాలి అంటాను నేను. సింగ్టోకి దక్కాల్సిన గౌరవం కూడా ఎవరూ ఇవ్వలేదు, ఆఖరి స్థానం కోచ్ అనేసి వదిలేశారు.

మనోలో మాత్రం గోవాకి వెళ్లాడు. అంతకు ముందు సీజన్ ఏడో స్థానంలో ఉన్న గోవా ఆయన కింద మూడో స్థానం, మరుసటి ఏడాది రెండో స్థానం, 2025 మేలో జంషెడ్‌పూర్‌ని 3-0తో కొట్టి సూపర్ కప్. కాబట్టి హైదరాబాద్ కప్పు గాలివాటంగా వచ్చింది అనే వాదన నాకు నిలబడదు. రెండు క్లబ్బులు, రెండు ఊళ్లు, వేరే ప్లేయర్లు, అదే రకం ఎదుగుదల.

మరి ఇండియా? ఇక్కడ మనోలో అభిమానులు తప్పించుకోకూడదు. 2024 జులైలో ఇచ్చారు, ఏడాది తిరిగేసరికి అయిపోయింది. ఎనిమిది మ్యాచులు, ఒక గెలుపు, నాలుగు డ్రాలు, మూడు ఓటములు. అందులో మూడు మ్యాచులు మన గచ్చిబౌలిలోనే, మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3, మలేషియాతో 1-1. ఆయన్ని నెత్తిన పెట్టుకున్న స్టేడియంలో ఇండియాకి ఒక్క గెలుపూ లేదు. తర్వాత షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో గోల్ లేని డ్రా, జూన్‌లో హాంకాంగ్ చేతిలో 0-1, ఆసియా కప్ క్వాలిఫయింగ్ అక్కడే చెడింది.

నా లెక్క ఏంటంటే ఆయన పద్ధతి రోజూ ట్రైనింగ్ గ్రౌండ్‌లో తయారయ్యేది. ఆకాశ్ మిశ్రాని వారం వారం దింపి, వారం వారం దిద్ది తయారుచేశాడు. నేషనల్ టీమ్‌కి అలాంటి టైం ఉండదు, కొద్ది రోజుల క్యాంపు, రెండు మ్యాచులు, మళ్లీ రెండు నెలల తర్వాత కలుస్తారు. పైగా గోల్ కొట్టేవాడు లేక, రిటైరైన సునీల్ ఛెత్రిని 40 ఏళ్ల వయసులో వెనక్కి పిలవాల్సి వచ్చింది, అది ఏ కోచ్ ఒక్కడూ తీర్చగలిగిన సమస్య కాదు. ఇంతవరకూ ఆయన తరఫున మాట్లాడతాను. కానీ గోవా కోచ్‌గా ఉంటూనే దేశం కోచ్‌గా కూడా ఉండటానికి ఒప్పుకున్నాడు చూడండి, అది తప్పు, ఆయనదీ, ఇచ్చిన ఫెడరేషన్‌దీ. ఆ ఉద్యోగం మనిషిని పూర్తిగా అడుగుతుంది. మనోలో గొప్ప క్లబ్ కోచ్, ఇండియా కోచ్‌గా ఫెయిల్, ఈ రెండూ ఒకేసారి నిజం, ఒకటి చెప్పినంత మాత్రాన రెండోది కొట్టుకుపోదు.

ఇక టీమ్ ఊరు మారడం. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని కొనింది, మునిగిపోతున్నదాన్ని నిలబెట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2024-25లో 18 పాయింట్లు, 13 టీముల్లో 12వ స్థానం. 2025 అక్టోబర్‌లో టీమ్ ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇది ఇంత తేలిగ్గా ఎలా జరుగుతుందని కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఐఎస్‌ఎల్‌లో ఓనర్ కొనేది లీగ్‌లో ఆడే హక్కు. ఆ హక్కుకి ఒక ఊరి పేరు తగిలిస్తారు, అంతే. అప్పటిదాకా ఆఖరి స్థానంలో వచ్చినా ఏ టీమూ కింది లీగ్‌కి పడిపోలేదు కాబట్టి ఆ హక్కు విలువ ఆటతో సంబంధం లేకుండా నిలిచి ఉండేది. టికెట్లతో వచ్చేది తక్కువ, ప్రతి ఏడాదీ కోట్లలో నష్టం, అలాంటప్పుడు ఓనర్ లెక్కలో ఊరు అనేది అద్దె ఇల్లు లాంటిది, కుదరకపోతే ఖాళీ చేసి ఇంకో చోటికి. పుణె అలాగే పోగొట్టుకుంది. అదే 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సి అయింది, ఢిల్లీ వాళ్ల ఆ ఖాళీ ఆరేళ్ల తర్వాత మన టీమ్‌తో నిండింది. వాళ్ల మీద నాకు కోపం లేదు, మనం పుణె వాళ్లది తీసుకున్నప్పుడు మనకి వాళ్ల బాధ పట్టలేదు కదా.

ఇంగ్లండ్‌లో ఇదే జరిగితే ఏమైందో చెప్పుకోవాలి. వింబుల్డన్ క్లబ్‌ని మిల్టన్ కీన్స్‌కి తరలిస్తామనేసరికి అక్కడి ఫ్యాన్స్ 2002లో ఏఎఫ్‌సి వింబుల్డన్ అని సొంతంగా క్లబ్ పెట్టుకుని, బాగా కింది డివిజన్ నుంచి ఎక్కుకుంటూ వచ్చి 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి చేరారు. వాళ్లకి తాతల నాటి క్లబ్ అది. ఆ దారిలో నడవడానికి కింద నుంచి పైదాకా మెట్లున్న లీగ్ ఉంది. ఇక్కడ డెక్కన్ లీజియన్ అనే ఫ్యాన్ గ్రూప్ డ్రమ్ములు పట్టుకుని ఖాళీ స్టాండ్స్‌లో కూడా నిలబడింది, కానీ ఆరేళ్ల టీమ్, అందులో ఒక్క మంచి హోమ్ సీజన్, దాంతో అంత పెద్ద జనాన్ని కూడగట్టడం ఎవరి తరమూ కాదు.

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ మోజు లేదు, అందుకే పోయింది అనే మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఇది సయ్యద్ అబ్దుల్ రహీం ఊరు. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని నడిపాడు, ఆ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు అప్పటి పెద్ద టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. ఇండియా కోచ్‌గా 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ గోల్డ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో కొట్టి మళ్లీ గోల్డ్, మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆయన కనిపెట్టిన రత్నం. తర్వాత తరంలో నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ. వీళ్లందరినీ కలకత్తా క్లబ్బులు పట్టుకుపోయాయి, ఈ ఊరు ఎప్పుడూ ప్లేయర్లని తయారుచేసి పంపిస్తూనే ఉంది, ఇప్పుడు టీమ్‌నే పంపించేసింది.

రహీం సాబ్ పేరు ఇన్నేళ్లు నిలవడానికీ మనోలో పేరు పదేళ్లకి ఇక్కడ మసకబారుతుందేమో అనే నా భయానికీ కారణం ఒకటే. రహీం టీమ్‌లో ఆడింది ఈ గల్లీల పిల్లలు, పోలీస్ ఉద్యోగంతో ఇక్కడే బతికారు, తమ పిల్లలకీ పక్కింటి పిల్లలకీ నేర్పారు. మనోలో తయారుచేసిన కుర్రాళ్లు ఉత్తరప్రదేశ్, సిక్కిం, గోవా, అస్సాం, మణిపూర్ వాళ్లు, బంగారం లాంటి ప్లేయర్లు, కానీ కాంట్రాక్ట్ అయిపోయాక ఇక్కడ ఉండటానికి వాళ్లకి కారణం లేదు. ఇది మనోలో తప్పు కాదు, మూడు సీజన్లలో రెండు గోవా హోటల్లో గడిపినవాడు ఈ ఊరి బార్కస్ పిల్లల్ని ఎప్పుడు చూస్తాడు. అకాడమీ, స్కూళ్లు, స్థానిక లీగ్ అనేవి క్లబ్ పెట్టాల్సినవి.

స్టేడియం సంగతి కూడా అంతే. ఈ ఊళ్లో ఫుట్‌బాల్ ఊపిరి బార్కస్‌లో, పాతబస్తీలో, సికింద్రాబాద్, బొల్లారం వైపు ఉంది. మ్యాచులేమో గచ్చిబౌలిలో, రాత్రి ఏడున్నరకి, మెట్రో రాయదుర్గంతోనే ఆగిపోతుంది. బార్కస్ నుంచి వచ్చి మ్యాచ్ చూసి అర్ధరాత్రికి ఇల్లు చేరే పిల్లాడు ఎన్ని వారాలు వస్తాడు. ఖాళీ సీట్లు చూపించి ఈ ఊరికి ఆసక్తి లేదని తేల్చేసేవాళ్లు ఒకసారి ఆ దారిలో ప్రయాణం చేసి మాట్లాడితే బాగుంటుంది.

ఇంకా ఎన్ని కప్పులు గెలిచేవాళ్లం అనే లెక్కలో నాకు పెద్దగా ఆసక్తి లేదు, ఎందుకంటే లిస్టన్, ఆశిష్, ఆకాశ్ ముగ్గురూ క్లబ్ బాగున్న రోజుల్లోనే, లేదా అది చెడే ముందే, పెద్ద క్లబ్బులకి వెళ్లిపోయారు, వెళ్లేవాళ్లే. పోయిన అవకాశం అంటే నాకు గుర్తొచ్చేది ఇంకొకటి, మన ఊళ్లోనే ఉన్న రెండో క్లబ్. శ్రీనిధి డెక్కన్ 2021-22లో, ఐఎస్‌ఎల్ కాకుండా దేశంలో ఉన్న ఇంకో లీగ్ ఐ-లీగ్‌లోకి వచ్చి మొదటి ఏడాదే మూడో స్థానం తెచ్చుకుంది, అజీజ్ నగర్‌లో సొంత గ్రౌండ్ కట్టుకుంది. 2022-23 నుంచి ఐ-లీగ్ విజేతకి ఐఎస్‌ఎల్‌లోకి నేరుగా దారి తెరిచారు, హక్కు కొనక్కర్లేదు, ఆడి గెలిస్తే చాలు. ఆ ఏడాది శ్రీనిధి రెండో స్థానం, పంజాబ్ పైకి వెళ్లింది. 2023-24లో మళ్లీ రెండో స్థానం, మొహమ్మదన్ స్పోర్టింగ్ పైకి వెళ్లింది. ఆ రెండింటిలో ఏ ఒక్క సీజన్ గెలిచినా, గచ్చిబౌలిలో జీతాలు లేని టీమ్ ఆఖరి స్థానానికి జారిపోతున్న రోజుల్లోనో, అది అయిన వెంటనేనో, ఆట గెలిచి పైకి వచ్చిన ఇంకో హైదరాబాద్ టీమ్ ఐఎస్‌ఎల్‌లో ఉండేది. మనోలో గురించి వాదించుకునేవాళ్లు ఆ రెండు రన్నరప్ సీజన్ల గురించి కూడా అంతే గట్టిగా వాదించుకోవాలని నా కోరిక.